చిన్న ఉప్పునీటి అక్వేరియంలో ఏ చేపకు ఏ చేపతో పొసగుతుంది: అపోహలు – వాస్తవాలు

నెల్లూరు జిల్లా తీరంలోని ఒక వనామీ రొయ్య పిల్లల ఉత్పత్తి కేంద్రంలో (హేచరీలో) నీటి పరీక్షలు చేసే పనిలో కొన్నేళ్లు ఉండి, ఆ తరువాత ఇళ్లలోనూ ఆసుపత్రులలోనూ ఉప్పునీటి అక్వేరియంలు అమర్చే వృత్తిలోకి వచ్చాను. ఉప్పు శాతం కొలవడం, విసర్జనల వల్ల నీటిలో చేరే విషమైన అమ్మోనియాకు భయపడటం మన ప్రాంతం వారికి కొత్తగా నేర్పవలసిన సంగతులు కావు. అయినా ఇక్కడి తొట్లలో రంగు చేపలు చనిపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం నీరు కాదు. ఒకదానితో ఒకటి పొసగని చేపలను ఒకే చోట వేయడమే. ఈ వ్యాసంలో చిన్న అక్వేరియం అంటే దాదాపు 100 లీటర్ల తొట్టి.

అపోహ: రొయ్యల చెరువులో గాలి కలిపే ఏరియేటర్లు పెంచి సీడ్ (రొయ్య పిల్లలు) ఎక్కువగా వదిలినట్లే, ఫిల్టరు, గాలి బాగుంటే తొట్టిలో ఎన్ని చేపలైనా వేయవచ్చు.

రొయ్యల సాగు తెలిసినవారే ఎక్కువగా ఈ మాట అంటారు. వనామీ ఒక చోటును తనదిగా పట్టుకుని కాపలా కాయదు కనుక చెరువులో ఆ లెక్క నడుస్తుంది. పగడపు దిబ్బల చేప అలా కాదు. అది ఒక రాతి సందును ఎంచుకుని, అక్కడికి వచ్చిన ప్రతి చేపనూ తరుముతుంది. ఆక్సిజన్‌ను యంత్రంతో పెంచగలం గాని, తరిమించుకున్న చేప పారిపోయేందుకు చోటును పెంచలేము. 100 లీటర్లలో పెద్దయినా పది సెంటీమీటర్లు దాటని చేపలు నాలుగైదు చాలు.

ఎన్ని వేశామన్నది ఎంత ముఖ్యమో, ఏది ముందు వేశామన్నదీ అంతే ముఖ్యం. నా మొదటి తొట్టిలో, నీరు కుదురుకునేదాకా తట్టుకుంటాయని మూడు నీలి డామ్సెల్‌లను (చిన్నవే అయినా పోట్లమారి చేపలు) వేశాను. నెల తిరిగేసరికి వాటిలో ఒకటి మిగతా రెండింటినీ చంపి తొట్టి మొత్తాన్ని సొంతం చేసుకుంది. తరువాత తెచ్చిన ఫైర్ ఫిష్ అనే పిరికి చేప మూడు రోజులు మూలన నక్కి, తొట్టిలోంచి బయటికి దూకి, నాలుగో రోజు తెల్లవారేసరికి నేల మీద ఎండిపోయి కనిపించింది. ఆ చావుకు నేను చేపలను వేసిన వరుసే కారణం. తొట్టిలో అమ్మోనియాను మార్చివేసే మేలుచేసే బ్యాక్టీరియా స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకు చేపలు అవసరం లేదు, కొలిచి వేసిన అమ్మోనియా సరిపోతుంది.

అపోహ: ఒకే పోలిక ఉన్న చేపలు స్నేహంగా ఉంటాయి.

వాస్తవం దీనికి పూర్తిగా విరుద్ధం. తన రంగు, తన ఆకారం ఉన్న చేపను చాలా చేపలు పోటీదారుగానే చూస్తాయి. రాయల్ గ్రామా అనే చిన్న చేపకు ముందు భాగం ఊదా, వెనుక భాగం పసుపు. అవే రెండు రంగులున్న, డాటీబ్యాక్ అనే వేరే జాతి చేప తక్కువ ధరకు దొరుకుతుంది. అది గ్రామా కన్నా ఎంతో పోట్లమారి. కొనేముందు రెండు రంగులూ కలిసే చోటును చూడండి. గ్రామాలో ఊదా రంగు చుక్కలు చుక్కలుగా పసుపులో కలిసిపోతుంది, వీపు రెక్క మీద నల్ల మచ్చ ఉంటుంది. డాటీబ్యాక్‌లో గీత గీసినట్లు రంగు మారుతుంది. ఈ రెండింటినీ ఒకే తొట్టిలో ఎప్పుడూ వేయకండి.

అపోహ: క్లౌన్ ఫిష్‌లు గుంపుగా ఉండాలి, ఎనిమోన్ (సముద్రంలో అవి ఆశ్రయం పొందే, పువ్వులా కనిపించే జీవి) తప్పనిసరి.

ఇవన్నీ మగవిగానే పెరుగుతాయి. గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడదిగా మారుతుంది, దాని తరువాతది జత మగది అవుతుంది. చిన్న తొట్టిలో మూడోదానికి మిగిలేది దెబ్బలే. కనుక పరిమాణంలో తేడా ఉన్న రెండు చిన్న ఓసెల్లారిస్‌లను (క్లౌన్ ఫిష్‌లలో ఒక రకం) తీసుకోండి. హేచరీలో పుట్టినవాటినే అడగండి. అవి గుళికల మేతకు అలవాటుపడి ఉంటాయి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ ఫిష్‌ల పునరుత్పత్తి పద్ధతులను మన దేశంలోనే రూపొందించింది. ఎనిమోన్ లేకుండా అవి హాయిగా జీవిస్తాయి. కొత్త తొట్టిలో ఎనిమోన్ బతకడమే కష్టం.

అపోహ: తొట్టిని బట్టి చేప పెరుగుదల ఆగిపోతుంది.

పిల్లలు ముచ్చటపడే నీలి టాంగ్ ముప్పై సెంటీమీటర్ల వరకు పెరిగే చేప; ఇరుకు తొట్టిలో అది రోగాల పాలవుతుంది. మాండరిన్ చేప చిన్నదే గాని, రోజంతా రాళ్ల మీది కోపెపాడ్లను (కంటికి సరిగా ఆనని చిన్న జీవులను) ఏరుకుని తింటుంది. చిన్న తొట్టిలో అవి త్వరగా అయిపోయి, ఆ చేప మెల్లగా ఆకలితో చనిపోతుంది.

అపోహ: వలలో పడిన సముద్ర గుర్రాన్ని తెచ్చి పెంచుకోవచ్చు.

పెంచుకోకూడదు. 2001 నుంచి సముద్ర గుర్రాలకు, పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. చట్టం మాట అటుంచినా, చురుకైన చేపల మధ్య దానికి మేత అందదు.

నేను 100 లీటర్లకు సూచించే కూర్పు ఇది: ముందుగా ఒక ఫైర్ ఫిష్, ఒక పసుపు వాచ్‌మన్ గోబీ (అడుగున ఉండే చిన్న చేప), రెండు మూడు వారాల తరువాత ఓసెల్లారిస్ జత, చివరగా రాయల్ గ్రామా. గోబీ అడుగున, గ్రామా రాతి గుహలో, మిగతావి పై నీటిలో తిరుగుతాయి కనుక తగవులు తక్కువ. గోబీకి పిస్టల్ రొయ్యను (బొరియలు తవ్వే చిన్న సముద్రపు రొయ్య) జోడిస్తే, చూపు సరిగా లేని రొయ్య బొరియ తవ్వుతుంటే గోబీ వాకిట్లో కాపలా కాస్తూ, ప్రమాదం రాగానే తోక కదిపి హెచ్చరిస్తుంది. రొయ్యలతో జీవితం గడిపిన మనవారు ఆ దృశ్యాన్ని గంటల తరబడి చూడటం నేను చూశాను. ఫైర్ ఫిష్ దూకకుండా తొట్టి పైన సన్నని వల తప్పనిసరిగా బిగించండి. మే నెలలో మన ఎండలకు తొట్టి నీరు 30 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గుతుంది, తరుముళ్లకు అలసిన కొత్త చేప ఆ వేడిలో కోలుకోలేదు; కాబట్టి ఆ రోజుల్లో కొత్త చేపను వేయడం మానుకుని, వానలు పడి నీరు 26 డిగ్రీలకు దిగేదాకా ఆగండి.