చలికి లారీ స్టార్ట్ కాకపోతే: అపోహలు – వాస్తవాలు

డిసెంబరు వచ్చిందంటే తెల్లారకముందే నా ఫోను మోగుతుంది. "మేస్త్రీ, సెల్ఫ్ తిరుగుతోంది గానీ బండి అందుకోవట్లేదు" అని ఒకరు. "సెల్ఫే తిరగట్లేదు, టక్ టక్ అంటోంది" అని ఇంకొకరు. ఈ రెండూ వేర్వేరు జబ్బులు. కానీ చివర్లో అందరిదీ ఒకే మాట: "చలికి డీజిల్ గడ్డకట్టిందేమో!"

నేను తిరిగి అడిగేవి రెండే. డీజిల్ ఎక్కడ కొట్టించావు? సెల్ఫ్ కొడుతుంటే సైలెన్సర్‌లోంచి పొగ వస్తోందా? సగం రోగం అక్కడే తేలిపోతుంది.

అపోహ: చలికాలం బండి స్టార్ట్ కాలేదంటే డీజిల్ గడ్డకట్టినట్టే.

వాస్తవం: డీజిల్‌లో మైనం ఉంటుంది, నిజమే. చలికి కొబ్బరినూనె సీసాలో పేరుకున్నట్టే ఇదీ పేరుకుంటుంది. ముందు మసకబారుతుంది, తర్వాత మైనం పలుకులు ఫిల్టర్ కాగితానికి అడ్డంపడతాయి. ట్యాంకులో డీజిల్ ఇంకా పారుతూనే ఉంటుంది గానీ ఫిల్టర్ దాటదు. మన దేశపు ప్రమాణం ప్రకారం చలికాలంలో అమ్మే డీజిల్ కనీసం 6 డిగ్రీల దాకా ఫిల్టర్‌లోంచి పారాలి. ఎండాకాలపు డీజిల్‌కైతే ఆ హద్దు 18 డిగ్రీలు. అంటే డిసెంబరులో విజయవాడ బంకులో కొట్టించిన డీజిల్ విజయవాడ చలికి పేరుకోదు. లంబసింగి, అరకు వైపు కొన్ని రాత్రులు, అదీ ఎండాకాలం నుంచి ట్యాంకులో మిగిలిన పాత డీజిల్ అయితే అనుమానించవచ్చు.

చింతపల్లి నుంచి ఒక ఓనర్ గారు ఇలాగే ఫోన్ చేశారు. అప్పటికే ఫిల్టర్లు మార్చేశారు, ట్యాంకు కడిగించేశారు. సెల్ఫ్ మాత్రం నీరసంగా, మూలుగుతూ తిరుగుతోంది. క్లీనర్ కుర్రాడికి ఫోను ఇమ్మన్నాను. "పది సెకన్లు సెల్ఫ్ కొట్టించు తమ్ముడూ, వెంటనే ఎర్త్ కేబుల్ ఛాసిస్‌కి బిగించిన చోట వేలు పెట్టి చూడు" అన్నాను. "అబ్బా, కాలుతోందన్నా!" అన్నాడు. అంతే. బోల్టు కింద తుప్పు పట్టింది. కరెంటు సెల్ఫ్‌కి పోకుండా అక్కడే వేడైపోతోంది. ఎమరీ కాగితంతో రుద్ది బిగించాక రెండో సెల్ఫ్‌కే అందుకుంది. మార్చిన ఫిల్టర్ల డబ్బులు మాత్రం వెనక్కి రాలేదు.

ఎండాకాలం కూడా ఆ తుప్పు ఉంది. అప్పుడు బయటపడలేదు, అంతే. సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ బలం ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గుతుంది, ఆయిల్ చిక్కబడి ఇంజిన్ బరువుగా తిరుగుతుంది. మీటరు ఉంటే ఇలా చూడండి. రాత్రంతా ఆగిన 24 వోల్టుల బండికి బ్యాటరీల దగ్గర 25.2 పైన ఉండాలి. సెల్ఫ్ కొడుతుండగా 19 కిందికి పడిపోతే బ్యాటరీలు నీరసపడ్డాయి. పడకుండానే సెల్ఫ్ మూలుగుతుంటే కేబుళ్లు, ఎర్త్ చూడాలి.

ఇక పొగ సంగతి. తెల్లపొగ వస్తోందంటే డీజిల్ సిలిండర్లోకి చేరుతోంది, మండట్లేదు. సెల్ఫ్ స్పీడు, ఇంజిన్‌లోకి పోయే గాలిని వేడిచేసే హీటరు, సిలిండర్లో గాలిని నొక్కే బలం (కంప్రెషన్) చూడాలి. అసలు పొగే లేదంటే డీజిల్ చేరట్లేదు. ఫిల్టర్ జామ్ అయి ఉండాలి, లేదా లైనుకి గాలి పట్టి ఉండాలి. కామన్ రైల్ బండ్లలో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే పైపు (రైలు) నుంచి హై ప్రెషర్ డీజిల్ అందే బండ్లలో, ఇంకో మెలిక ఉంది: రైలులో దాదాపు 200 బార్ ప్రెషర్ రానిదే ఇంజెక్టర్లు డీజిల్ కొట్టవు. కాబట్టి అక్కడ సెల్ఫ్ నీరసంగా తిరిగినా పొగ రాదు.

అపోహ: ఎక్కడా డీజిల్ కారట్లేదు కాబట్టి లైనుకి గాలి పట్టలేదు.

వాస్తవం: ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న లైను పీల్చే లైను. అక్కడి సందులోంచి డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. చలికి రబ్బరు పైపులు, వాషర్లు బిరుసెక్కి ఆ సందు పెద్దదవుతుంది, రాత్రికి రాత్రి డీజిల్ ట్యాంకులోకి జారిపోతుంది. లైనులో జానెడు పారదర్శకమైన పైపు ముక్క తగిలించి, డీజిల్ లైనులో చేత్తో కొట్టే హ్యాండ్ పంపు కొట్టండి. బుడగలు కనిపిస్తే దొంగ దొరికినట్టే.

అపోహ: ట్యాంకు కింద మంట పెడితే సరిపోతుంది.

వాస్తవం: ఇది చలి ప్రాంతాలకు పోయే డ్రైవర్లు ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్న విద్య. మన వాడొకడు హర్యానాలో ఫుల్ ట్యాంకు కొట్టించుకుని యాపిల్ లోడుకి కశ్మీర్ పోయాడు. కాజీగుండ్ దగ్గర మైనస్‌లో చలి. ఫిల్టర్ విప్పి వీడియో కాల్‌లో చూపించాడు: తెల్లగా, పేరిన నెయ్యిలా ఉంది. ఇది మాత్రం అసలైన డీజిల్ గడ్డే. అప్పటికే గుడ్డలు డీజిల్‌లో తడిపి ట్యాంకు కింద అంటించబోతున్నాడు. ఆపమని అరిచాను. ప్లాస్టిక్ ట్యాంకు, రబ్బరు పైపులు, పక్కనే వైరింగు. పైగా ట్యాంకు కరిగినా ఫిల్టర్లో మైనం అలాగే ఉంటుంది. ఢాబాలో వేడినీళ్లు అడిగి, గోనెసంచులు తడిపి ఫిల్టర్‌కి, పైపులకి చుట్టించాను. ఎండ వచ్చేదాకా నాలుగైదు సార్లు మార్చాడు. తొమ్మిదిన్నరకి బండి అందుకుంది. కొత్త ఫిల్టర్ వేస్తే అందులో డబ్బాతో డీజిల్ పోయకండి, వడకట్టని డీజిల్ ఇంజెక్టర్లకు విషం. హ్యాండ్ పంపుతోనే నింపండి.

తమాషా ఏమిటంటే, లద్దాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా పారే వింటర్ డీజిల్‌ని ఇండియన్ ఆయిల్ 2019లో తెచ్చింది. అది తయారయ్యేది ఆ హర్యానాలోని పానిపట్ రిఫైనరీలోనే. కానీ దారిలో బంకుల్లో దొరికేది అది కాదు. చలి ప్రాంతానికి పోయేవాళ్లు ట్యాంకులో తక్కువ డీజిల్‌తో చేరి, అక్కడి బంకులో నింపుకోవాలి. డీజిల్ పేరుకోకుండా కలిపే యాంటీ జెల్ మందు వాడితే పేరుకోకముందే పోయాలి, పేరుకున్నాక పోస్తే మైనం కరగదు.

అపోహ: కిరోసిన్ కలిపితే మంచిది.

వాస్తవం: పాత పంపుల రోజుల్లో నడిచింది. లద్దాఖ్‌లో వింటర్ డీజిల్ రాకముందు అలాగే చేసేవారు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణం) బండ్లలో మాత్రం వద్దు. హై ప్రెషర్ పంపుకి డీజిలే జిడ్డు, కిరోసిన్‌లో అది చాలదు. గంధకం సైలెన్సర్ వైపు ఫిల్టర్లను పాడుచేస్తుంది. పెట్రోలు కలపమనేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల బండి దగ్గర బీడీ వెలిగించకండి.

ఇంజిన్ త్వరగా అందుకోవాలని గాలిలోకి కొట్టే ఈథర్ స్ప్రే కూడా అంతే. హీటరు వేడిగా ఉన్నప్పుడు ఎయిర్ పైపులోకి కొడితే అక్కడే అంటుకుంటుంది. రింగులు విరిగి వచ్చిన ఇంజిన్లు చూశాను.

అపోహ: యాడ్‌బ్లూ గడ్డకట్టి బండి ఆగింది.

వాస్తవం: యాడ్‌బ్లూ అంటే పొగలో కాలుష్యం తగ్గించడానికి సైలెన్సర్ వైపు చల్లే యూరియా నీళ్లు. అది మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది. అయినా ఇంజిన్ స్టార్ట్ కావడానికి దానితో పని లేదు. బండి నడిచి కూలెంట్ వేడెక్కాక అదే కరుగుతుంది.

అపోహ: అందుకునేదాకా సెల్ఫ్ కొడుతూనే ఉండాలి.

వాస్తవం: ఒక్కోసారి 10–15 సెకన్లు, మధ్యలో రెండు నిమిషాల విరామం. లేకపోతే సెల్ఫ్ మోటారు కాలిపోతుంది, ఇంటికి ఫోన్ చేయడానికి ఇంకో కారణం దొరుకుతుంది. బ్యాటరీలు పూర్తిగా చచ్చిపోతే తోసి లాభం లేదు. ఇంజిన్‌ని నడిపించే కంప్యూటరు (ఈసీఎం)కి కరెంటు లేనిదే ఇంజెక్టర్లు కదలవు. పక్క బండి నుంచి జంపర్ కేబుల్ పెట్టుకోండి, 24 వోల్టుల బండి నుంచే.