గ్రీసు పిల్లలకు రొట్టె ఎందుకు దొరకలేదు

పిల్లలూ,

యుద్ధం చేసేది సైనికులు కదా తాతయ్యా, మరి అన్నం లేక పిల్లలెందుకు చచ్చిపోతారు అని మీలో ఒక పాప అడిగింది. గ్రీసు సంగతి చెబుతాను.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 ఏప్రిల్‌లో, జర్మన్ సైన్యం ఆ దేశంలోకి దిగింది. తర్వాత జర్మనీ, ఇటలీ, బల్గేరియా దాన్ని మూడు ముక్కలుగా పంచుకున్నాయి. ఆ చలికాలానికల్లా ఏథెన్స్ వీధుల్లో మనుషులు నడుస్తూ నడుస్తూనే కూలిపోయేవారు.

ఊరి చెరువును తలుచుకోండి. వాగు నీళ్లు చెరువులో చేరాలి, తూములోంచి కాలువల్లోకి దిగాలి, చివరి మడిదాకా పారాలి. గ్రీసు కొండల దేశం, తినే గోధుమల్లో చాలా భాగం ఓడల మీద రావలసిందే. శత్రువుకు సరుకు అందకూడదని బ్రిటన్ ఓడల్ని ఆపేసింది, అక్కడ వాగుకి అడ్డకట్ట పడింది. చెరువులో ఉన్న నీళ్లని, అంటే ధాన్యం, నూనె, పశువులని, సైన్యాలు తోడుకుపోయాయి. సరుకు మోసే బళ్లనీ లాక్కున్నాయి. గోధుమ బాగా పండే ఉత్తరపు నేల బల్గేరియా చేతిలో పడింది, కాలువ తెగింది. రోజురోజుకీ విలువ పోయే కాగితం డబ్బుకి రైతు గింజ అమ్మనన్నాడు, వ్యాపారి దాచేశాడు. చివరి మడి ఎవరిదంటే, పొలం లేని పట్నం కూలీది, సిరోస్ లాంటి చిన్న దీవిలో ఉన్నవాళ్లది.

మా చిన్నప్పుడు మా ఊళ్లో పొలాలకు నీళ్లు పంచే నీరటి ఒకడుండేవాడు. మా పొలం తూము పక్కనే, అయినా నీళ్లు తక్కువైన ఏడు, భుజాన పార పెట్టుకుని వచ్చి "ఆగండి, కిందివాళ్లకి ముందు" అనేవాడు. మా నాన్న చిరాకు పడేవాడు కానీ ఎదురు చెప్పేవాడు కాదు. గ్రీసులో ఆ పార పట్టిన మనిషి లేడు, బలమున్నవాడే ముందు తడుపుకున్నాడు.

ఎండిన చెరువుగట్టు బీటలు తీస్తుంది, బీటల్లో పాములూ తేళ్లూ చేరతాయి. ఒళ్లూ అంతే. తిండి లేక కాళ్లు వాచేవి, ఆ ఒంట్లో క్షయ, మలేరియా చేరేవి, మామూలుగా తగ్గిపోయే జబ్బే ప్రాణం తీసేది. మన రేషన్ కార్డు లాంటి రొట్టె కార్డు పోతుందని, ఇంట్లో ఎవరైనా చనిపోతే పేరు చెప్పకుండా రాత్రిపూట శ్మశానం దగ్గర వదిలి వచ్చిన కుటుంబాలున్నాయి. ఇది మీకు చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి, చెప్పాలనే రాస్తున్నాను. ఆక్రమణ ముగిసేలోపు ఆకలి, జబ్బులతో దాదాపు 3 లక్షల మంది పోయారని అంచనా.

1941 అక్టోబరులో టర్కీ నుంచి కుర్తులుష్ అనే ఓడ తిండి గింజలతో బయల్దేరింది. అప్పటికి ఇరవై ఏళ్ల కిందటే టర్కీ, గ్రీసు రెండూ ఒకదాన్నొకటి చంపుకున్నాయి, తెలుసా! 1942 జనవరిలో ఆ ఓడ మర్మరా సముద్రంలో మునిగిపోతే వేరే ఓడలు సరుకు మోశాయి. ఆ ఏడే బ్రిటన్ అడ్డకట్ట కొంచెం సడలించింది, స్వీడన్ ఓడల్లో కెనడా గోధుమలు వచ్చాయి, రెడ్‌క్రాస్ వాళ్లు పంచారు.

పగవాడి పిల్లలకి గింజలు పంపాలన్న బుద్ధి ఎలా పుడుతుందో నేను వివరించలేను. మీరు అట్లాసు తీసి ఇస్తాంబుల్ మీద వేలు పెట్టండి. మర్మరా దాటి, సన్నటి జలసంధిలోంచి దిగి, దీవుల మధ్యగా ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవుకి వెళ్లండి. సిరోస్ చాలా చిన్నది, కనిపించకపోతే బడి లైబ్రరీలో పెద్ద అట్లాసు అడగండి.

మీ తాతయ్య