ఎర్ర దీపం వెలిగేలోపు

బుజ్జులూ,

మీ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో చివరి బాస్కెట్ టైము దాటిందని లెక్కలోకి తీసుకోలేదని మీరిద్దరూ అలిగి అన్నం మానేశారని మీ అమ్మ చెప్పింది. "ఎన్‌బీఏలో అయితే రీప్లే చూసి చెబుతారు, మాకెందుకు చూడరు తాతయ్యా?" అన్నారట. ఫోన్లో తేలే మాట కాదని రాస్తున్నాను.

ఆ వైభోగం ఎన్‌బీఏకి, అంటే ఆ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌కీ మొదటినుంచీ లేదు. 2002 మే నెల, వెస్టర్న్ కాన్ఫరెన్స్ (లీగ్‌లో పశ్చిమ విభాగం) ఫైనల్ సిరీస్‌లో నాలుగో మ్యాచ్. లేకర్స్ మీద శాక్రమెంటో కింగ్స్. సగం ఆట ముగిసే క్షణంలో లేకర్స్ ఆటగాడు సమాకీ వాకర్ ఎక్కడో దూరం నుంచి విసిరితే బంతి పడింది. మూడు పాయింట్లు ఇచ్చేశారు. టైము అయిపోయేసరికి బంతి ఇంకా అతని చేతిలోనే ఉంది. ఆ సంగతి ఇళ్లలో టీవీ చూసేవాళ్లకు తెలిసింది. రిఫరీలు మాత్రం టీవీ చూడకూడదు, అప్పటి రూలు అది. ఆఖరి క్షణంలో రాబర్ట్ హోరీ వేసిన బాస్కెట్‌తో లేకర్స్ 100-99తో గెలిచింది. ఆ మూడు పాయింట్లూ తీసేసి లెక్క చూసుకోండి! తర్వాతి సీజన్ నుంచే క్వార్టర్ల (ఆటలోని నాలుగు భాగాల) చివర రీప్లే చూడటం మొదలుపెట్టారు.

అక్కడ రింగు వెనకాల ఉండే బోర్డు అంచు చుట్టూ ఎర్ర దీపాలు గమనించారా? అవి అందానికి పెట్టినవి కావు. టైము సున్నాకి రాగానే వెలుగుతాయి. బంతి, చెయ్యి, దీపం మూడూ ఒకే ఫ్రేములో దొరకాలని ఆ ఏర్పాటు. 2004 మే 13న శాన్ ఆంటోనియోలో ఆటకి 0.4 సెకను మిగిలింది. లేకర్స్ ఆటగాడు డెరెక్ ఫిషర్ బంతి అందుకుని, తిరిగి, విసిరాడు. పడింది, 74-73. రిఫరీలు వెళ్లి రీప్లే చూశారు. దీపం వెలిగేలోపే బంతి వేళ్లు వదిలిందని బాస్కెట్ ఇచ్చారు.

"ఎప్పుడు?", "ఎక్కడ?" అనే ప్రశ్నలకు రీప్లే ఇలా చక్కగా జవాబు చెబుతుంది. "ఎంత గట్టిగా?" అంటే తడబడుతుంది. స్లో మోషన్‌లో భుజం తగిలినా నేరంలాగే కనిపిస్తుంది. బంతి గీత దాటిన గొడవలు ఇంకో రకం. ఎదుటివాడి చేతిలోని బంతిని మీరు కొట్టి బయటికి పంపారనుకోండి. బాగా నెమ్మదిగా చూస్తే ఆఖరున వాడి వేలికొసకే తగిలి ఉంటుంది. వాడి చేతిని మీరు కొట్టబట్టే అలా జరిగినా, బంతి మీకే వచ్చేది. ఇది నాకెప్పుడూ అన్యాయమే అనిపించేది. 2024-25 నుంచి కోచ్ అలాంటిదాన్ని చాలెంజ్ చేస్తే, అంటే రీప్లే చూడమని అడిగితే, విజిల్ వేయని ఫౌల్ పక్కనే ఉంటే దాన్నీ ఇవ్వచ్చని మార్చారు. ఆలస్యమైనా మంచి పని.

అన్ని కెమెరాలుండీ చేజారిన కథ ఒకటుంది. 2014లో న్యూజెర్సీలోని సికాకస్‌లో ఒక రీప్లే కేంద్రమే కట్టుకున్నారు, అన్ని మ్యాచ్‌ల వీడియోలూ అక్కడికొస్తాయి. 2019లో కోచ్ చాలెంజ్ వచ్చింది. ఆ డిసెంబరు 3న హ్యూస్టన్ ఆటగాడు జేమ్స్ హార్డెన్ ఎంత బలంగా డంక్ చేశాడంటే (బంతిని చేత్తో నేరుగా రింగులోకి దించాడంటే), బంతి రింగులోంచి కిందికి దిగి, నెట్ విసురుకి మళ్లీ రింగు మీదుగా పైకొచ్చేసింది. రిఫరీలు బాస్కెట్ కాదన్నారు. చాలెంజ్ చెయ్యడానికి కోచ్‌కి ఉండేది 30 సెకన్లు. వాదనలోనే అవి అయిపోయాయి. హ్యూస్టన్ రెండు ఓవర్‌టైముల తర్వాత 135-133తో ఓడింది. రెండు పాయింట్లు! ఫిర్యాదు చేసినా లీగ్ ఒప్పుకోలేదు, ఇంకా బోలెడు ఆట మిగిలుంది కదా అంది.

ఇక నా సంగతి. కాలేజీ రోజుల్లో ఒక టోర్నమెంటులో నన్ను టైము చూడమని కూర్చోబెట్టారు. చేతిలో స్టాప్‌వాచీ. ఆఖరి పది సెకన్లు దాన్నే చూడాలి. నేనేమో బంతిని చూశాను. తలదించేసరికి ముల్లు గీత దాటిపోయి ఉంది, బంతి నెట్‌లో ఉంది. అప్పుడు మోగించాను గంట. బాస్కెట్ ఇచ్చారు, ఒక్క పాయింటుతో మ్యాచ్ అటు తిరిగింది. ఓడిన జట్టు కెప్టెన్ మా బల్ల దగ్గరికొచ్చి, ఏమీ అనకుండా నా చేతిలోని వాచీ వంక చూసి వెళ్లిపోయాడు. నేనూ నోరు విప్పలేదు. ఆ రోజు ఒక్క కెమెరా ఉన్నా ముందు దొరికేవాణ్ని నేనే.

మీ అమ్మ తీసిన వీడియో కళ్లద్దాలు తుడుచుకుని మరీ పదిసార్లు చూశాను. బంతి ఎగరడం కనిపిస్తోంది, మీలో విసిరినవాడు గాల్లో ఉండటం కనిపిస్తోంది. గడియారం మాత్రం ఫ్రేములో లేదు. విజిల్ వింటే తెలుస్తుందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నాను. సరిగ్గా ఆ క్షణంలో మీ అమ్మ "వెయ్ రా!" అని అరిచింది. ఇంకేమీ వినబడటం లేదు.

మీ తాతయ్య