ముడి వేసేదొకటి, విప్పేదొకటి

పిల్లలూ,

మీ ఉత్తరం అందింది. చిన్నది అడిగిన ప్రశ్న నన్ను రెండు రోజులుగా వదలలేదు: "తాతయ్యా, బాక్టీరియాకు మెదడు లేదు కదా! ఇక రెండుగా విడిపోవాలని దానికి ఎవరు చెబుతారు?"

నా చిన్నప్పుడు మా నానమ్మ ఏ పని చెప్పినా నా చొక్కా అంచుకు ఒక ముడి వేసేది. పని అయ్యాక తనే విప్పేది. ఒకసారి ఉత్తరం పెట్టెలో వేసి రమ్మంది. నేను దారిలో ఆటలో పడ్డాను. చీకటి పడే వేళకు ముడి వేళ్లకు తగిలింది, ఒకటే పరుగు! ఆ ముడిలో ఒక్క అక్షరమైనా లేదు. చొక్కా కూడా అదే. అయినా ముడి పడ్డ చొక్కా నన్ను పరుగెత్తించింది. పని అయ్యాక విప్పడం కూడా అంతే ముఖ్యం, గుర్తుంచుకోండి. నిన్నటి ముడి అలాగే ఉంటే రేపటి పని తెలియదు.

బాక్టీరియాలో ఆ ముడి పేరు ఫాస్ఫేట్. ఒక భాస్వరం పరమాణువు, చుట్టూ ఆక్సిజన్ పరమాణువులు, అంతే. దాన్ని తెచ్చి ఒక ప్రోటీన్‌కు తగిలించేది కైనేజ్ అనే మరో ప్రోటీన్. విప్పేది ఫాస్ఫటేజ్. ముడి పడగానే ప్రోటీన్ తీరు మారిపోతుంది. క్షయ బాక్టీరియాలో ఒక్క రకానికి చెందిన కైనేజ్‌లే 11 ఉన్నాయి.

నాకు ఎక్కువ ఇష్టమైనది మంచినీటిలో బతికే కాలోబాక్టర్ అనే బాక్టీరియా. అది విడిపోతే పుట్టే రెండూ ఒకలా ఉండవు. ఒకటి కాడతో అంటుకుని అక్కడే ఉండి, వెంటనే తన డీఎన్ఏకు నకలు తీయడం మొదలుపెడుతుంది. రెండోది తోక తిప్పుకుంటూ ఈదిపోతుంది. ఈత మాని, తోక వదిలి, కాడ మొలిపించుకునే దాకా దానికి ఆ పని లేదు.

ఇందులో నన్ను కట్టిపడేసే సంగతి ఒకటుంది. విడిపోకముందు, కాడ ఉన్న కొసన డివ్‌జె అనే కైనేజ్ కూర్చుని, డివ్‌కె అనే చిన్న ప్రోటీన్ వచ్చినప్పుడల్లా ముడి వేస్తుంది. అవతలి కొసన ప్లీసి అనే మరో ప్రోటీన్ ఆ ముడిని విప్పుతుంది. మిల్లీమీటరును కొన్ని వందల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత ఉంటుంది కణం పొడవు. డివ్‌కె ఆ కొసకూ ఈ కొసకూ తిరుగుతూనే ఉంటుంది. ఇంతలో నడుమ గోడ మూసుకుంటుంది. ఇక కాడవైపు విప్పేవారు లేరు, తోకవైపు వేసేవారు లేరు. ముడి నిలిచినచోట నకలు మొదలు, ముడి లేనిచోట ఆగడం. మధ్యలో కబురు చేతులు మార్చే ప్రోటీన్లు ఇంకొన్ని ఉన్నాయి, వాటి పేర్లు ఇప్పుడు వద్దు. గోడ పడిందని ఎవరూ చాటనక్కరలేదు, గోడే ఆ కబురు!

నీళ్లు నాలుగైదు రోజులు కదలకుండా నిలిచిన పాత్ర ఏదైనా వెతకండి. లోపలి అంచును వేలితో తాకితే జారుతుంది. ఆ జిగురు పొర బాక్టీరియా గుంపులు కట్టుకున్న ఇల్లు. కాసేపు వేలు అక్కడే ఉంచండి. ఆ వేలి కింద, ఆ క్షణాన, ఎన్ని ముడులు పడుతున్నాయో, ఎన్ని విడుతున్నాయో! తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి.

మీ తాతయ్య