అప్పుతో అంటగట్టిన బీమా: బ్రిటన్‌లో తిరిగొచ్చిన సొమ్ము, మన దగ్గర తేలని లెక్క

5 లక్షల పర్సనల్ లోన్ శాంక్షన్ అయిందని ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. ఖాతాలో పడేది మాత్రం 4 లక్షల 80 వేల చిల్లర. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ తీసేసి చూసినా ఇంకా కొంత సొమ్ము లెక్కకు రాదు. బ్రాంచికి వెళ్లి అడిగితే ‘అది ఇన్సూరెన్స్ కటింగ్’ అంటారు. ఏ కంపెనీ, ఎన్నేళ్లకు, దేనికి వర్తిస్తుంది, నామినీగా ఎవరి పేరు రాశారు అని అడిగేవాళ్లు తక్కువ. హనుమకొండలో ఇంటి లోన్ తీసుకున్న టీచరైనా, భూపాలపల్లిలో సింగరేణి జీతం మీద అప్పు తీసుకున్న కార్మికుడైనా, నర్సంపేటలో ట్రాక్టర్ ఫైనాన్స్ చేయించుకున్న రైతైనా దీన్ని అప్పుకు అయ్యే ఖర్చుల్లో ఒకటిగా జమకట్టుకుని ఊరుకుంటారు. ఇలా ఊరుకోవడం ఎప్పుడు, ఎట్లా అలవాటైందో తెలియాలంటే పాతికేళ్ల వెనక్కి వెళ్లాలి.

మన ప్రాంతంలో అప్పుకూ బీమాకూ ముడి మొదట పడింది పంట రుణాల దగ్గర. 1999-2000 రబీలో కేంద్రం జాతీయ వ్యవసాయ బీమా పథకాన్ని తెచ్చింది. నోటిఫై చేసిన పంటకు బ్యాంకులో క్రాప్ లోన్ తీసుకున్న ప్రతి రైతుకూ అది తప్పనిసరి. ప్రీమియాన్ని రైతు ప్రత్యేకంగా కట్టే పనిలేదు, లోన్ సొమ్ములోంచి బ్యాంకే పట్టుకునేది. 2016 ఖరీఫ్‌లో దాని చోట ఫసల్ బీమా యోజన వచ్చింది. అందులో రైతు వాటా వానాకాలం వరి లాంటి పంటలకు 2 శాతం, యాసంగికి 1.5 శాతం, వాణిజ్య పంటలకు 5 శాతం దాకా ఉండేది. పత్తి, మిర్చి మీద బతికే వరంగల్‌లో ఆ 5 శాతం చిన్న మొత్తమేమీ కాదు. అప్పు తీసుకున్న రైతుకు అప్పుడు కూడా వద్దనే అవకాశం లేదు. 2020 ఖరీఫ్ నుంచి కేంద్రం దీన్ని ఐచ్ఛికం చేసింది. అదే ఖరీఫ్ నుంచి తెలంగాణ ఆ పథకంలోంచి బయటికి వచ్చింది.

పంట బీమా ఉద్దేశం చెడ్డదని నేను అనడం లేదు. వడగళ్లకు, తెగుళ్లకు పంట పోయిన రైతుకు బీమా కావలసిందే. కానీ దాదాపు ఇరవై ఏళ్లు అడగకుండా, రసీదు ఇవ్వకుండా ప్రీమియం పట్టుకోవడం వల్ల ‘లోన్ అంటే ఇన్సూరెన్స్ కట్ అయితది’ అనే మాట ఊళ్లలో స్థిరపడింది. సర్కారు పథకంలో చట్టబద్ధంగా జరిగిన ఆ కోతకూ, ప్రైవేటు లోన్ల మీద జరిగే కోతకూ తేడా ఉందని రైతుకు చెప్పినవారు లేరు. మొదటిది అప్పట్లో నిబంధన ప్రకారం తప్పనిసరి, రెండోది ఎన్నడూ తప్పనిసరి కాదు. ఈ తేడా తెలియకపోవడమే తర్వాత వచ్చిన వ్యాపారానికి పునాది అయింది.

ఆ వ్యాపారానికి దారి తెరిచిన ఏర్పాటు కూడా దాదాపు అప్పుడే జరిగింది. బీమా నియంత్రణ సంస్థను ఏర్పాటు చేసిన 1999 ఐఆర్‌డీఏ చట్టంతో బీమా రంగంలోకి ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. 2000 ఆగస్టులో బీమాను బ్యాంకులు చేయదగిన వ్యాపారాల జాబితాలో చేర్చారు. 2002లో కార్పొరేట్ ఏజెంట్ల నిబంధనలు (బీమా కంపెనీ తరఫున బ్యాంకు లాంటి సంస్థలు పాలసీలు అమ్మే ఏర్పాటు) వచ్చాక బ్యాంకు శాఖే బీమా దుకాణం కూడా అయింది. ఇంటింటికీ తిరిగే ఏజెంటును వద్దని పంపేయవచ్చు. కూతురి పెళ్లికో, కొడుకు ఇంజినీరింగ్ ఫీజుకో అప్పు ఫైలు పెట్టుకుని కూర్చున్నవాడు ఎదుటి ఆఫీసరును అలా పంపలేడు. ‘ఇది లేకుంటే ఫైల్ ముందుకు పోదు’ అనే ఒక్క మాట చాలు, సంతకం పడిపోతుంది. చాలాసార్లు ఆ మాట అనే అవసరం కూడా రాదు. పదిహేను చోట్ల పెట్టే సంతకాల్లో బీమా దరఖాస్తు, ‘నేను సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నాను’ అనే డిక్లరేషన్ కూడా కలిసిపోతాయి.

ఈ కథ ఇంతకన్నా ముందే, ఇంతకన్నా పెద్ద ఎత్తున బ్రిటన్‌లో నడిచింది. అక్కడ దీని పేరు పేమెంట్ ప్రొటెక్షన్ ఇన్సూరెన్స్, పొట్టిగా పీపీఐ. జబ్బు చేసినా, ప్రమాదం జరిగినా, ఉద్యోగం పోయినా కొంతకాలం వాయిదాలు బీమా కంపెనీ కడుతుందని అమ్మేవారు. ముఖ్యంగా 1990 నుంచి 2010 దాకా అమ్మిన పాలసీలు 6 కోట్ల 40 లక్షల దాకా ఉంటాయని అక్కడి నియంత్రణ సంస్థ అంచనా. సొంత పని చేసుకునేవారికీ, ముందునుంచే జబ్బు ఉన్నవారికీ ఎన్నో సందర్భాల్లో ఆ పాలసీ పనికే రాదు. అయినా వాళ్లకూ అమ్మారు. అన్నిటికన్నా అన్యాయమైనది సింగిల్ ప్రీమియం పద్ధతి. మొత్తం ప్రీమియాన్ని ఒకేసారి అసలులో కలిపేసి, దాని మీద కూడా లోన్ వడ్డీ వసూలు చేశారు.

మన దగ్గర కూడా ఇదే పద్ధతి నడుస్తోంది కాబట్టి దీన్ని అంకెల్లో చూడాలి. 30 వేల ప్రీమియాన్ని 14 శాతం వడ్డీకి, 5 ఏళ్ల లోన్‌లో కలిపితే ఈఎంఐలో దాని వాటా సుమారు 698 రూపాయలు. 60 నెలలు కట్టేసరికి దాదాపు 41,900 అవుతుంది. 30 వేల బీమాకు 12 వేల వడ్డీ అన్నమాట. ఈ లెక్క శాంక్షన్ లెటర్‌లో ఎక్కడా విడిగా కనిపించదు.

బ్రిటన్‌లో దీని మీద మొదటి గట్టి దెబ్బ కొట్టింది సిటిజన్స్ అడ్వైస్ అనే స్వచ్ఛంద సంస్థ. అప్పుల్లో మునిగి సలహా కోసం వచ్చినవారి కాగితాలు చూసి చూసి, 2005 సెప్టెంబరులో అది ప్రభుత్వ వాణిజ్య పర్యవేక్షణ సంస్థకు ‘సూపర్ కంప్లైంట్’ ఇచ్చింది. ఒక వ్యక్తి తరఫున కాకుండా మొత్తం మార్కెట్ మీద ఫిర్యాదు చేసే హక్కు కొన్ని వినియోగదారుల సంఘాలకు అక్కడి చట్టం ఇచ్చింది. విషయం మార్కెట్లో పోటీ సరిగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్‌కు వెళ్లింది. లోన్ ఇచ్చే సమయంలోనే బీమా అమ్మకూడదని 2009లో కమిషన్ తేల్చినా, ఒక పెద్ద బ్యాంకు సవాలు చేయడంతో ఆ నియమం అమలుకు 2012 దాకా పట్టింది. హామీలేని పర్సనల్ లోన్లకు సింగిల్ ప్రీమియం అమ్మకం మాత్రం 2009లోనే ఆగింది.

డబ్బు తిరిగి రావడానికి అసలు కారణం 2010 ఆగస్టులో అక్కడి ఆర్థిక రంగ నియంత్రణ సంస్థ ఫైనాన్షియల్ సర్వీసెస్ అథారిటీ ఇచ్చిన ఆదేశం. ఫిర్యాదులను న్యాయంగా పరిష్కరించమని చెప్పి అది ఊరుకోలేదు. ఫిర్యాదుల్లో ఒకే రకం తప్పు మళ్లీమళ్లీ కనిపిస్తే, ఫిర్యాదు చేయని పాత ఖాతాదారుల సంగతి కూడా బ్యాంకులే చూడాలంది. బ్యాంకుల సంఘం దీన్ని హైకోర్టులో సవాలు చేసి 2011 ఏప్రిల్‌లో ఓడిపోయింది, అప్పీలుకు వెళ్లలేదు. తీర్పు వచ్చిన రెండు వారాలకే లాయిడ్స్ 320 కోట్ల పౌండ్లు చెల్లింపుల కోసం పక్కన పెట్టింది. మిగిలినవీ అదే బాట పట్టాయి. కట్టిన ప్రీమియం, దాని మీద పడిన వడ్డీ, ఆపైన సాధారణంగా ఏడాదికి 8 శాతం సాధారణ వడ్డీ కలిపి తిరిగిచ్చారు. ఫిర్యాదులకు ఆఖరి తేదీ 2019 ఆగస్టు 29. 2011 నుంచి చెల్లించిన మొత్తం 3,800 కోట్ల పౌండ్లు దాటింది. మన రూపాయల్లో 4 లక్షల కోట్లకు పైనే.

మధ్యలో దళారులూ లాభపడ్డారు. ఫిర్యాదు రాసిపెట్టే కంపెనీలు వచ్చిన సొమ్ములో పెద్ద వాటా తీసుకుంటుంటే, 2018లో చట్టం చేసి వారి ఫీజును 20 శాతానికి పరిమితం చేయాల్సి వచ్చింది. అదే ఫిర్యాదు, ఇలాంటి గొడవలు తీర్చే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా చేసుకునే వీలుండేది.

2014 నవంబరులో వచ్చిన ప్లెవిన్ కేసు తీర్పు మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోదగ్గది. 34 వేల పౌండ్ల అప్పు తీసుకున్న మహిళకు 5,780 పౌండ్ల పీపీఐ అమ్మారు. ఆ ప్రీమియంలో 71.8 శాతం కమీషన్లకే పోయింది. అంత కమీషన్ దాచిపెట్టడమే ఆ అప్పు సంబంధాన్ని అన్యాయమైనదిగా చేసిందని బ్రిటన్ సుప్రీంకోర్టు అంది. అంటే పాలసీ పనికొచ్చేదా కాదా అనే ప్రశ్నతో సంబంధం లేకుండా, అమ్మినవాడికి ఎంత ముట్టిందో చెప్పకపోవడమే తప్పయింది. దాంతో ఎన్నో పాత ఫిర్యాదులకు మళ్లీ ప్రాణం వచ్చింది.

మన దగ్గర నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. బీమా కొనుగోలు పూర్తిగా స్వచ్ఛందమని, దాన్ని బ్యాంకు ఇచ్చే మరే సేవతోనూ ముడిపెట్టకూడదని, ఫలానా కంపెనీదే తీసుకోవాలని బలవంతం చేయకూడదని బ్యాంకులకు ఇచ్చిన 2016 మాస్టర్ డైరెక్షన్‌లోనే రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది. మైక్రోఫైనాన్స్ సంగతి వరంగల్‌కు బాగా తెలిసిన చేదు చరిత్ర. 2010లో వసూళ్ల ఒత్తిడికి మహిళలు ప్రాణాలు తీసుకున్న వార్తలు ఈ జిల్లా నుంచి వరసగా వచ్చాయి, అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ తర్వాత తానే వేసిన మాలెగం కమిటీ సూచనల మీద రిజర్వు బ్యాంకు 2011లో చిన్న లోన్ ధరను వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, బీమా ప్రీమియం అనే మూడింటికే పరిమితం చేసింది. బీమాకు అయిన అసలు ఖర్చు మాత్రమే తీసుకోవాలంది. 2022 మార్చిలో వచ్చిన కొత్త నిబంధనలు, బీమా లాంటి రుణేతర ఉత్పత్తులు పూర్తి అంగీకారంతోనే ఇవ్వాలని, వాటి ఫీజు లోన్ కార్డులోనే రాయాలని చెప్పాయి. గ్రూపు లోన్ తీసుకున్న మహిళలు తమ కార్డులో ఆ గడి నింపారో లేదో ఒకసారి చూసుకోవాలి.

అందరికీ పనికొచ్చే మార్పు 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. రిటైల్ లోన్లకూ చిన్న పరిశ్రమల లోన్లకూ లోన్ ఖర్చులన్నీ ఒకచోట చూపే ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలి. బీమా సొమ్మును బయటి సంస్థ తరఫున వసూలు చేసినా వార్షిక వడ్డీ రేటు లెక్కలో కలిపి, విడిగానూ చూపించాలి, రసీదు ఇవ్వాలి. 12 శాతం అని చెప్పిన లోన్ బీమా కలిపాక 14 శాతం అయితే అది ఆ కాగితంలో కనిపించాలి.

కానీ ఇవన్నీ రేపటి అమ్మకాలకు కట్టే కంచెలు. నిన్న జరిగిన అమ్మకాలను బ్యాంకులే తిరగేసి చూడాలనే ఆదేశం మన దగ్గర లేదు. ఇక్కడ ప్రతి ఒక్కరూ విడిగా పోరాడాలి. పాలసీ కాగితం అందిన నాటినుంచి 30 రోజుల్లో వద్దని వెనక్కి ఇచ్చే వీలు ఉంది, అప్పు తీసుకున్నవారందరికీ కలిపి ఇచ్చే గ్రూపు పాలసీల సర్టిఫికెట్లలోనూ మామూలుగా ఈ షరతు రాసి ఉంటుంది. అసలు కాగితమే అందని మనిషికి ఆ 30 రోజులు ఎక్కడ మొదలవుతాయి? గ్రూపు క్రెడిట్ బీమాలో మాస్టర్ పాలసీ బ్యాంకు పేరు మీద ఉంటుంది. అప్పు తీసుకున్నవారికి రావాల్సింది ఒక సర్టిఫికెట్. అది చాలామందికి మెయిల్‌లో పీడీఎఫ్‌గా వచ్చి తెరవకుండానే ఉండిపోతుంది.

దీనివల్ల డబ్బు పోవడం ఒక నష్టం. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా గురించి మా పల్లెల్లో తెలియని ఇల్లు లేదు. ప్రీమియం సర్కారు ఎల్‌ఐసీకి కట్టింది, నామినీ పేరు ఇంటికొచ్చి రాసుకున్నారు, రైతు చనిపోతే 5 లక్షలు వస్తాయని భార్యకూ పిల్లలకూ తెలుసు. లోన్ మీద కట్ చేసిన బీమాకు ప్రీమియం కట్టింది రైతే. అయినా అది ఉందని ఇంట్లోవాళ్లకు తెలియదు. మనిషి పోయాక ఆ బీమాతో తీరిపోవాల్సిన అప్పునే కుటుంబం ఆస్తి అమ్మి కట్టే ప్రమాదం ఉంది. చెప్పకుండా అమ్మితే ఆపద వేళ అడగడం కూడా రాదు. ఇంట్లో సంపాదించే మనిషి పోయి లోన్ మిగిలితే, లోన్ ఫైలులో బీమా సర్టిఫికెట్ ఉందా అని బ్యాంకును రాతపూర్వకంగా అడగాలి. బీపీ, షుగర్ దాచారని క్లెయిమ్ తిరస్కరించినా, అది జీవిత బీమా అయి పాలసీ మూడేళ్లు దాటితే బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం దాన్ని ప్రశ్నించే వీలు కంపెనీకి లేదు.

డబ్బు వెనక్కి అడగాలనుకునేవారు మొదట లోన్ స్టేట్‌మెంట్ మొదటి పేజీ తీసుకోవాలి. 2024 అక్టోబరుకు ముందటి లోన్లకు కీ ఫ్యాక్ట్స్ కాగితం దొరక్కపోవచ్చు, అప్పుడు లోన్ సొమ్ము విడుదలైన రోజు జరిగిన డెబిట్లే ఆధారం. బ్యాంకుకు, బీమా కంపెనీకి రెండింటికీ రాయాలి. తన అంగీకారం ఏ కాగితం మీద ఉందో చూపమని అడగాలి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకున్నా, ఇచ్చింది నచ్చకున్నా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. బ్యాంకులు అమ్మే బీమాలో మోసపూరిత అమ్మకం ఫిర్యాదులను 2017 జులైలోనే ఆ పరిధిలోకి తెచ్చారు. బీమా కంపెనీ మీదైతే ‘బీమా భరోసా’ పోర్టల్, ఆ తర్వాత హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్. ఇవేవీ ఫీజు అడగవు. మధ్యవర్తికి వాటా ఇవ్వాల్సిన పని లేదు.

ఇవి కుదరకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన విలువ 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, ‘ఈ-జాగృతి’ పోర్టల్‌లో ఇంటినుంచే వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు. బీమా సంగతి ఆలస్యంగా తెలిసిందంటే ఆలస్యానికి కారణం చూపి మన్నించమని కోరే వీలు 2019 చట్టంలోనే ఉంది. అందుకని బీమా కోత తనకు ఎప్పుడు, ఎలా తెలిసిందో ఫిర్యాదు మొదటి పేరాలోనే తేదీతో సహా రాయాలి. లోన్ ముందే తీర్చేసినవారు ఇంకో విషయం కూడా అడగాలి. మిగిలిన కాలానికి వెనక్కి వచ్చే సొమ్ము, అంటే సరెండర్ విలువ ఎంతో పాలసీ షరతుల్లో ఉంటుంది, ఫోర్‌క్లోజ్ చేసిన రోజు అడగనిదే చాలాచోట్ల దాని ఊసెత్తరు.