ఔట్‌బోర్డ్ మోటార్ సొంత రిపేర్లు: "రెండు నిమిషాలే కదా ఆడించాం" అనే అపోహ, ఇంకొన్ని

నా దగ్గరికి రిపేరుకి వచ్చే ఔట్‌బోర్డ్ మోటార్లలో (పడవ వెనక తగిలించే ఇంజన్లు) చాలావాటి కథ ఒకటే. "కార్బొరేటర్ మేమే క్లీన్ చేసుకున్నామండీ, ఒడ్డు మీదే స్టార్ట్ చేసి చూశాం, బ్రహ్మాండంగా ఆడింది, నీళ్లలోకి దింపి స్పీడ్ పెంచేసరికి వేడెక్కి ఆగిపోయింది." ఒడ్డు మీద నీళ్లు పెట్టి ఆడించారా అని అడుగుతా. "లేదండీ, రెండు నిమిషాలే కదా!"

అపోహ: కాసేపు పొడిగా ఆడిస్తే ఏం కాదు.

అవుతుంది. లోయర్ యూనిట్ (గేర్లు, ప్రొపెల్లర్ ఉండే కింది భాగం) పైన డ్రైవ్ షాఫ్ట్‌కి ఒక రబ్బరు ఇంపెల్లర్ ఉంటుంది, ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లని పైకి తోడే పంపు చక్రం అది, ఇంజన్ తిరిగినంతసేపూ అదీ తిరుగుతుంది, గేరు న్యూట్రల్‌లో ఉన్నా సరే. దాని రెక్కలు పంపు కప్పు గోడని ఒరుసుకుంటూ తిరుగుతాయి, దానికి గ్రీజు నీళ్లే, చలువా నీళ్లే. అవి లేకపోతే రబ్బరు కాలడానికి నిమిషాలు అక్కర్లేదు, సెకన్లు చాలు.

అసలు మోసం ఏంటంటే ఆ దెబ్బ వెంటనే బయటపడదు. రెక్కల అంచులు గట్టిపడి పగుళ్లిచ్చినా ఐడిల్‌లో టెల్‌టేల్ (పంపు పనిచేస్తోందని చూపిస్తూ నీళ్లు బయటికి చిమ్మే చిన్న రంధ్రం) నుంచి నీళ్లు కొడుతూనే ఉంటాయి, మీరు హమ్మయ్య అనుకుంటారు. థ్రాటిల్ పెంచాక ఇంజన్ అడిగినన్ని నీళ్లు ఆ పంపు ఇవ్వలేదు, వేడెక్కుతుంది, ఇంకా లాగిస్తే పిస్టన్ పట్టేస్తుంది. చిన్న రబ్బరు ముక్క దగ్గర ఆగాల్సిన ఖర్చు పవర్‌హెడ్ (పైనుండే అసలు ఇంజన్) దాకా పోతుంది.

ఇంకో రకం వాళ్లు ఉన్నారు, ఫ్లష్ పోర్ట్‌కి (లోపల కడగడానికి పైపు తగిలించే చోటు) పైపు పెట్టి ఇంజన్ స్టార్ట్ చేస్తారు. ఆ నీళ్లు వెళ్లేది పైన పవర్‌హెడ్‌కి, కింద ఇంపెల్లర్‌కి కాదు, అందుకే చాలా మోడళ్లకి అక్కడ పైపు పెట్టినప్పుడు ఇంజన్ ఆపే ఉంచాలని మాన్యువల్‌లోనే రాసుంటుంది. ఒకాయనైతే కౌల్ (ఇంజన్ పై మూత) తీసేసి ఇంజన్ మీద మగ్గుతో నీళ్లు పోయిస్తూ ఆడించారు, "నీళ్లు లేవని ఎవరన్నారు, బకెట్ అయిపోయింది" అని నాతోనే వాదన. ఎలక్ట్రికల్ కూడా తడిసింది, ఆ కథ వేరే.

సరైన పద్ధతి రెండే. లోపలికి నీళ్లు పీల్చే జల్లెడలకి మఫ్స్ (పైపు తగిలించే రబ్బరు కప్పులు) బిగించి ముందు నీళ్లు వదలాలి, ఆ తర్వాతే స్టార్ట్, అదీ న్యూట్రల్‌లో ఐడిల్ మీద మాత్రమే. లేదంటే డ్రమ్ములో దింపి పంపు మునిగేదాకా నింపండి, ప్రొపెల్లర్ ముందే తీసేయండి.

ఇప్పటికే పొడిగా ఆడించేశారా? కంగారు పడకండి, అలారం మోగకుండా, ఇంజన్ పట్టేయకుండా ఉంటే చాలాసార్లు పోయేది ఇంపెల్లర్ ఒక్కటే. అది మీరే మార్చుకోవచ్చు. కిల్ స్విచ్ క్లిప్ తీసి, ప్లగ్ వైర్లు పీకి, గేర్లు మార్చే షిఫ్ట్ రాడ్ విడదీసి లోయర్ యూనిట్ దించండి. పాత ఇంపెల్లర్ రెక్కలు లెక్కపెట్టండి, ఒకటి విరిగి కనపడట్లేదంటే ఆ ముక్క పైన నీటి దారిలో ఎక్కడో ఇరుక్కుని ఉంది, అది దొరికేదాకా పని అవలేదు, కొత్తది వేసినా మళ్లీ వేడెక్కుతుంది. ఇంపెల్లర్‌ని షాఫ్ట్‌కి పట్టించే చిన్న ముక్క ఉంటుంది, దాన్నే కీ అంటారు, పారేసుకోకండి. పంపు కప్పు ఇంపెల్లర్ మీదకి దింపేటప్పుడు షాఫ్ట్‌ని అది తిరిగే దిక్కులోనే తిప్పండి. షాఫ్ట్ పైకొన మీద గ్రీజు ముద్ద పెట్టొద్దు, పక్కన స్ప్లైన్స్‌కి (నిలువు గాళ్లకి) పల్చగా రాస్తే చాలు. బిగించాక స్టార్ట్ చేయకముందే గేర్లు మూడూ (ముందుకి, న్యూట్రల్, వెనక్కి) పడుతున్నాయో లేదో చూడండి.

అపోహ: టెల్‌టేల్‌లో నీళ్లు రాలేదంటే ఇంపెల్లర్ పోయింది.

ఇంజన్ ఆపి ముందు ఆ రంధ్రంలో నైలాన్ దారం పెట్టి కెలకండి. ఉప్పు, మట్టి, పురుగుల గూడు ఏదైనా ఉండొచ్చు. దారం పెట్టాక కూడా రాకపోతే అప్పుడు లోయర్ యూనిట్ దించుదురుగాని.

మిగతావి గబగబా చెప్పేస్తా. టూ స్ట్రోక్‌లో ఆయిల్ ఎక్కువ పోస్తే ఇంజన్‌కి మంచిదనేది తప్పు, ప్లగ్గులు నల్లబడతాయి, కార్బన్ పేరుకుంటుంది. 50:1 అంటే లీటరు పెట్రోలుకి 20 మి.లీ. ఆయిల్, అంతే, అదీ టీసీ-డబ్ల్యూ3 అని రాసుండే బోటు ఇంజన్ ఆయిల్, బైకు ఆయిల్ కాదు. వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకేయకండి, ఫోర్ స్ట్రోక్ ఇంజన్ మరీ చల్లగా ఆడితే పెట్రోలు ఆయిల్లోకి దిగుతుంది. ప్రొపెల్లర్‌ని షాఫ్ట్‌కి పట్టించే షియర్ పిన్ విరిగితే దాని బదులు మేకు కొట్టే వాళ్లకి దండం, ఆ పిన్ విరిగేదే గేర్లు విరక్కుండా ఉండడానికి. గేర్ ఆయిల్ పాలలా వచ్చిందంటే గేర్‌బాక్స్ పోయిందని ఏడవక్కర్లేదు, ప్రొపెల్లర్ వెనక చుట్టుకున్న గాలం దారం సీల్‌ని కోసి ఉండొచ్చు, చూడండి. సీల్ మార్చాక కొత్త ఆయిల్ కింది రంధ్రం నుంచి పైకి నింపాలి, పైనుంచి పోస్తే గాలి ఇరుక్కుంటుంది.

చివరిది, మునిగిన మోటార్. పైకి తీసి రెండ్రోజులు ఎండలో ఆరబెట్టి తెస్తారు, అప్పటికి లోపల తుప్పు మొదలైపోయి ఉంటుంది. తీసిన వెంటనే మంచినీళ్లతో కడిగి, ప్లగ్గులు తీసి, సిలిండర్లో నీళ్లు బయటికి పోయేలా తాడు మెల్లగా లాగి, ఆయిల్ కొట్టి, ఆ రోజే స్టార్ట్ చేయగలగాలి. ఆడుతూ ఆడుతూ మునిగినదైతే, ఎక్కడైనా పట్టేస్తుంటే బలవంతంగా లాగొద్దు, కనెక్టింగ్ రాడ్ వంగి ఉండొచ్చు. ఆ రోజు చేసే వీలు లేదా? గాలి తగలకుండా మంచినీళ్ల డ్రమ్ములో మొత్తం ముంచి ఉంచి, మెకానిక్ దొరికాకే తీయండి. వింతగా అనిపిస్తుంది గానీ అదే నయం.