తొలి క్రైస్తవ సంఘంలో నాయకుల ఎంపిక: అపోహలు – వాస్తవాలు

సంఘ పెద్దల ఎన్నికలు దగ్గరపడినప్పుడల్లా, బిషప్పు పదవి ఖాళీ అయినప్పుడల్లా మన తెలుగు సంఘాల్లో అపొస్తలుల కార్యముల గ్రంథం తెరుచుకుంటుంది. ఓటింగు పెట్టాలనేవారు ఆరో అధ్యాయం చూపిస్తారు, పాస్టరుగారే నియమించాలనేవారు పద్నాలుగో అధ్యాయం చూపిస్తారు, గొడవలెందుకు చీట్లు వేద్దామనేవారు మొదటి అధ్యాయం చూపిస్తారు. సంఘ చరిత్ర బోధించడం నా పని కాబట్టి కాపరులు, పెద్దలు, సెమినరీ విద్యార్థులు ఈ ప్రశ్నలన్నీ నన్ను అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్నల వెనుక పాతుకుపోయిన కొన్ని అపోహలను, మొదటి నాలుగు వందల ఏళ్ల ఆధారాలు ఎదురుగా పెట్టుకొని, ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: మత్తీయను చీట్లు వేసి ఎన్నుకున్నారు కాబట్టి తొలి సంఘం పద్ధతి చీట్లే.

చీట్లు వేసిన మాట నిజమే. కానీ చీటీ దాకా రాకముందు ఏం జరిగిందో చాలామంది చదవకుండా దాటేస్తారు. యూదా స్థానం భర్తీ చేయాలని పేతురు లేచి చెప్పినప్పుడు అక్కడ కూడినవారు ఇంచుమించు 120 మంది. యోహాను బాప్తిస్మమిచ్చిన కాలం మొదలుకొని యేసు ఆరోహణమైన దినం వరకు తమతో కలిసి తిరిగినవాడై ఉండాలన్నది పేతురు పెట్టిన షరతు. ఆ షరతుకు తగినవారిలో బర్సబ్బా అనబడిన యోసేపును, మత్తీయను నిలువబెట్టి, ప్రార్థన చేసి, ఆ ఇద్దరి మధ్య మాత్రమే చీట్లు వేశారు. ఎవరి నడవడి తమ కళ్లముందే గడిచిందో వారిని మనుష్యులు ముందుగా గుర్తించారు. ఇద్దరూ తగినవారైన చోట తుది నిర్ణయాన్ని ప్రభువుకు వదిలారు. ఇది పెంతెకొస్తుకు ముందు జరిగింది. ఆ తర్వాత కొత్త నిబంధనలో ఒక నాయకుని కోసం చీట్లు వేసిన సందర్భం మరొకటి లేదు. హేరోదు యోహాను సహోదరుడైన యాకోబును కత్తితో చంపించినప్పుడు కూడా, ఆ స్థానంలో ఇంకొకరిని పెట్టినట్టు లూకా రాయలేదు.

అపోహ: అపొస్తలులే నియమించేవారు; విశ్వాసులు తలవంచి ఒప్పుకునేవారు.

యెరూషలేములో అనుదిన పరిచర్యలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారన్న సణుగు పుట్టినప్పుడు, పన్నెండుమందీ తామే ఏడుగురిని చూసి పెట్టి ఉండవచ్చు. వారు అలా చేయలేదు. విశ్వాసుల సమూహాన్ని పిలిచి, ఆత్మతోను జ్ఞానముతోను నిండుకొని మంచిపేరు పొందిన ఏడుగురిని "మీలో ఏర్పరచుకొనుడి" అన్నారు. సమూహం ఎంచుకున్న స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు అనే ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. నష్టపోయిన పక్షంవారి మధ్య నుంచే పరిచారకులను ఎంచుకునేంత విశాలహృదయం ఆ సమూహానికి ఉందని ఈ పేర్ల వరుసను చూసి నేను అనుకుంటాను. తర్వాత అపొస్తలులు ప్రార్థించి వారిమీద చేతులుంచారు. ఎంచుకున్నది సమూహం, నియమించింది అపొస్తలులు.

లుస్త్ర, ఈకొనియ, పిసిదియలోని అంతియొకయ పట్టణాల్లో పౌలు బర్నబాలు ప్రతి సంఘంలో పెద్దలను ఏర్పరచిన మాట వాస్తవం. అవి అప్పుడే పుట్టిన సంఘాలు, అక్కడ చొరవ వ్యవస్థాపకులదే. అయితే అపొస్తలుల తరం గడిచాక ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు, క్రీ.శ. 96 ప్రాంతంలో రోమా సంఘం కొరింథుకు పంపిన లేఖలో, మనం క్లెమెంట్ లేఖ అని పిలిచేదానిలో, స్పష్టంగా ఉంది. అపొస్తలులు, వారి తర్వాత మంచి పేరున్న ఇతర పెద్దమనుషులు, "సంఘమంతటి సమ్మతితో" నాయకులను నియమించారని ఆ లేఖ చెబుతుంది. దాదాపు ఆ కాలానిదే అయిన దిదాఖే అనే సంఘ బోధల చిన్న పుస్తకం, ప్రభువుకు తగినవారిని, సాత్వికులను, ధనాశ లేనివారిని, పరీక్షకు నిలిచినవారిని అధ్యక్షులుగా, పరిచారకులుగా మీరే ఎన్నుకోండని నేరుగా సంఘానికే చెబుతుంది.

అపోహ: మొదటి నుంచీ ప్రతి పట్టణానికి ఒకే బిషప్పు ఉండేవాడు.

పౌలు ఫిలిప్పీ సంఘానికి రాస్తూ అక్కడి అధ్యక్షులకు, పరిచారకులకు శుభములు చెప్పాడు. అధ్యక్షులు ఒక్కరు కాదు, పలువురు. మిలేతుకు పిలిపించిన ఎఫెసు సంఘ పెద్దలతోనే పరిశుద్ధాత్మ మిమ్మును అధ్యక్షులుగా ఉంచెనని ఆయన అన్నాడు. పెద్దల గుంపు మీద ఒకే బిషప్పు ఉండే ఏర్పాటు రెండో శతాబ్దం ఆరంభంలో సిరియాలోని అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ లేఖల్లో బలంగా కనిపిస్తుంది. అదే ఇగ్నేషియస్ రోమాకు రాసిన లేఖలో మాత్రం అక్కడి బిషప్పు ప్రస్తావనే లేదు. ఊరికొక వేగంతో ఈ మార్పు వచ్చింది. అలెగ్జాండ్రియాలో మూడో శతాబ్దం మధ్య వరకూ పెద్దలే తమలో ఒకరిని ఎంచుకొని పై స్థానంలో కూర్చోబెట్టి బిషప్పు అని పిలిచేవారని బైబిలు పండితుడు జెరోమ్ తర్వాతి కాలంలో రాశాడు.

అపోహ: బిషప్పుల అధికారం పెరిగాక సామాన్య విశ్వాసుల మాటకు విలువ లేకుండా పోయింది.

నేను తరగతిలో ఎక్కువ సమయం వెచ్చించేది ఈ అపోహ మీదే, ఎందుకంటే దీన్ని తప్పని చూపే ఆధారాలు అపారంగా ఉన్నాయి. బిషప్పుగా అభిషేకించవలసినవాణ్ణి ప్రజలందరూ ఎన్నుకోవాలని, ఆదివారం నాడు ప్రజలు, పెద్దలు, పొరుగు బిషప్పులు కూడిన సభలో అందరి సమ్మతితో బిషప్పులు అతని మీద చేతులుంచాలని 'అపొస్తలుల సంప్రదాయం' అనే పురాతన సంఘ నియమావళి చెబుతుంది. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ బిషప్పు సిప్రియన్, హింసల కాలంలో అజ్ఞాతంలో ఉండి ఔరేలియస్ అనే యువకుణ్ణి పాఠకునిగా నియమించినప్పుడు, పరిచారకుల నియామకంలో ముందుగా మిమ్మల్ని సంప్రదించి ఒక్కొక్కరి నడవడిని, యోగ్యతను మీతో కలిసి తూచడం మా అలవాటు అని సంఘానికి సంజాయిషీ రాసుకున్నాడు. పాఠకుడంటే ఆరాధనలో లేఖనం చదివే చిన్న స్థాయి పరిచారకుడు. అంత చిన్న నియామకానికే బిషప్పు వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది.

రోమాలో డెసియస్ చక్రవర్తి హింసలో 250 జనవరిలో బిషప్పు ఫేబియన్ హతసాక్షి అయ్యాడు. ఏడాదికి పైగా పెద్దలే సంఘాన్ని నడిపించారు. 251లో కొర్నేలియస్ ఎన్నికైనప్పుడు, ఆ ఎన్నిక చెల్లుతుందని వాదిస్తూ సిప్రియన్ చూపిన ఆధారాలను గమనించండి: దేవుని తీర్పు, దాదాపు పరిచారకులందరి సాక్ష్యం, అక్కడున్న ప్రజల ఓటు, అనుభవజ్ఞులైన బిషప్పుల సమ్మతి. పదహారుమంది బిషప్పులు ఆ అభిషేకంలో పాల్గొన్నారు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ తనంతట తాను చాలదన్నది ఆనాటివారి అవగాహన.

ఇంకా దగ్గరగా చూడాలంటే హిప్పో పట్టణానికి, అంటే నేటి అల్జీరియాలోని అన్నాబాకు వెళ్లాలి. 426 సెప్టెంబరు 26న అక్కడి శాంతి దేవాలయంలో వృద్ధ బిషప్పు అగస్టీన్ సభ జరిపాడు. ఇద్దరు బిషప్పులు, ఏడుగురు పెద్దలు, పెద్ద జనసమూహం హాజరయ్యారు. లేఖకులు ప్రతి మాటా రాసుకున్నారు, ఆ రికార్డు ఈనాటికీ మనకు దక్కింది. తాను ఈ సభ ఎందుకు పెట్టాడో అగస్టీన్ ముందు చెప్పాడు. మిలేవిస్ బిషప్పు సెవేరస్ తన తర్వాతివాని పేరు పరిచారకులకు మాత్రమే చెప్పి, ప్రజలకు చెప్పకుండా కన్నుమూశాడు. దానివల్ల కొందరు నొచ్చుకున్నారు, అగస్టీన్ స్వయంగా వెళ్లి సర్దిచెప్పవలసి వచ్చింది. తన సంఘానికి ఆ బాధ రాకూడదని, సంఘ పెద్దల్లో ఒకడైన హెరాక్లియస్ తన తర్వాత బిషప్పు కావాలన్నది తన కోరిక అని ఆయన ప్రకటించాడు. "దేవునికి వందనములు, క్రీస్తుకు స్తుతి" అని జనం 23 సార్లు, "క్రీస్తూ, ఆలకించు, అగస్టీన్‌కు ఆయుష్షు" అని 16 సార్లు, "నీవే తండ్రివి, నీవే బిషప్పువు" అని 8 సార్లు కేకలు వేసినట్టు లేఖకులు లెక్కపెట్టి మరీ రాశారు. చివర్లో అగస్టీన్, సంతకం చేయగలిగినవారందరూ ఆ రికార్డు మీద సంతకం చేయమని ప్రజలను కోరాడు.

హెరాక్లియస్‌కు మాత్రం ఆయన వెంటనే బిషప్పు అభిషేకం చేయించలేదు. తనను ముందటి బిషప్పు వలేరియస్ బ్రతికుండగానే బిషప్పును చేశారని, ఒకే సంఘానికి ఇద్దరు బిషప్పులు ఉండరాదన్న నైసియా బిషప్పుల సభ (325) నియమం అప్పట్లో తనకూ వలేరియస్‌కూ తెలియదని, తన విషయంలో తప్పుపట్టినది తన కుమారుని వంటి హెరాక్లియస్ విషయంలో జరగకూడదని ఆయన అందరిముందూ చెప్పాడు. లోకమంతా గౌరవించిన వేదాంతి తన వారసుని పేరును తన ఇష్టానికే వదిలేయకుండా ప్రజల ముందు, నియమానికి లోబడి, పెట్టిన తీరు నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది.

అపోహ: అంటే అది ఈనాటి ఎన్నికల వంటి ప్రజాస్వామ్యమే.

కాదు. తలల లెక్క, రహస్య ఓటు, పోటీ అభ్యర్థుల ప్రచారం అక్కడ పద్ధతి కాదు. సంఘం ఇచ్చేది ప్రధానంగా సాక్ష్యం: ఈ మనిషి మా మధ్య పెరిగాడు, ఇతని ఇల్లు, ఇతని లావాదేవీలు, ఇతని ఓర్పు మాకు తెలుసు అన్న సాక్ష్యం. తిమోతికి రాసిన మొదటి పత్రికలో అధ్యక్షుడు సంఘమునకు వెలుపటివారిచేత కూడా మంచి సాక్ష్యము పొందినవాడై ఉండాలన్న షరతు, క్రొత్తగా చేరినవాడై ఉండకూడదన్న షరతు, త్వరపడి ఎవనిమీదనూ హస్తనిక్షేపణ చేయవద్దన్న హెచ్చరిక ఇదే దారిలో ఉన్నాయి.

జనం మాట అదుపు తప్పిన సందర్భాలనూ దాచకూడదు. 366లో రోమాలో దమాసస్, ఉర్సీనస్ పక్షాల మధ్య ఘర్షణ జరిగి ఒకే రోజున ఒక దేవాలయంలో 137 శవాలు కనిపించాయని చరిత్రకారుడు అమ్మియానుస్ మర్సెల్లీనుస్ రాశాడు. 374లో మిలాను ప్రజలు, ఎన్నికలో అల్లరి జరగకుండా చూడడానికి వచ్చిన గవర్నరు ఆంబ్రోస్‌నే బిషప్పుగా కోరారు. అప్పటికి ఆయన బాప్తిస్మం కూడా పొందలేదు. ఆయన గొప్ప బిషప్పు అయ్యాడన్నది నిజమే. అయినా క్రొత్తవాణ్ణి త్వరపడి నియమించరాదన్న నియమానికి అది విరుద్ధమే, దాన్ని ఆదర్శంగా చూపడం సరికాదు. లవొదికయ సభ నియమాల్లో, ఎన్నికలను జనసమూహాలకు వదిలివేయరాదన్న నియమం రావడానికి కారణం ఇటువంటి అనుభవాలేనని నా అభిప్రాయం.

అపోహ: 325లో నైసియా సభ ఎంపికను పూర్తిగా చక్రవర్తి చేతుల్లో పెట్టింది.

ఆ సభ నాలుగో నియమంలో చక్రవర్తి ఊసే లేదు. ప్రాంతంలోని బిషప్పులందరూ కలిసి కొత్త బిషప్పును నియమించాలి. దూరం వల్లగాని, అత్యవసరం వల్లగాని అది కుదరకపోతే కనీసం ముగ్గురు కూడి, రాలేనివారి సమ్మతిని లిఖితపూర్వకంగా తీసుకొని అభిషేకించాలి. ప్రాంతపు ముఖ్య బిషప్పు దాన్ని ధ్రువపరచాలి. ఒక బిషప్పు తనకు ఇష్టమైనవాణ్ణి ఒంటరిగా బిషప్పును చేసే దారిని ఈ నియమం మూసింది. అదే సభ అలెగ్జాండ్రియాకు పంపిన లేఖలో, ఈజిప్టులో సంఘం నుంచి చీలిపోయిన మెలీటియస్ పక్షం నుంచి తిరిగి వచ్చినవారు ఖాళీ అయిన స్థానాల్లోకి రావాలంటే యోగ్యులై ఉండాలని, ప్రజలు ఎన్నుకోవాలని, అలెగ్జాండ్రియా బిషప్పు ధ్రువపరచాలని రాసింది. రాజధానుల వంటి పెద్ద పట్టణాల్లో చక్రవర్తుల జోక్యం తర్వాత పెరిగింది. 381లో కాన్‌స్టాంటినోపుల్‌కు నెక్టేరియస్‌ను ఎంచింది థియొడోసియస్ చక్రవర్తే. అది ఆచరణలో వచ్చిన మార్పు, సభ పెట్టిన నియమం కాదు.

అపోహ: నాయకులు అవివాహితులై ఉండాలి, స్త్రీలకు ఏ పరిచర్యా ఉండేది కాదు.

ఏకపత్నీ పురుషుడై, తన ఇంటివారిని బాగుగా ఏలువాడై ఉండాలన్నదే తిమోతి పత్రికలోని షరతు. రెండో శతాబ్దం చివర ఎఫెసు బిషప్పు పోలిక్రటీస్, తన బంధువుల్లో ఏడుగురు బిషప్పులని, తాను ఎనిమిదోవాణ్ణని చెప్పుకున్నాడు. ఇక కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబేను పౌలు పేరుపెట్టి మెచ్చుకున్నాడు. 451 నాటి కాల్సెడన్ సభ, నలభై ఏళ్లు నిండని స్త్రీని పరిచారకురాలిగా నియమించరాదని నియమం చేసింది.

అపోహ: ఒకసారి అభిషేకం జరిగాక నాయకుణ్ణి ఎవరూ తొలగించలేరు.

కొరింథువారు నిందలేకుండా సేవ చేసిన పెద్దలను తొలగించారని క్లెమెంట్ లేఖ గద్దించింది. అందులో గద్దింపుకు కారణం, తొలగింపుకు తగిన తప్పు ఆ పెద్దల్లో లేకపోవడమే. తప్పు ఉన్నచోట ఏమైందో స్పెయిను సంఘాల సంగతి చెబుతుంది. బసిలిదెస్, మార్షియాలిస్ అనే ఇద్దరు బిషప్పులు హింసల కాలంలో విగ్రహారాధన చేసినట్టు ధ్రువపత్రాలు తీసుకున్నారు. సంఘాలు వారిని కాదని సబీనస్‌ను, ఫెలిక్స్‌ను నాయకులుగా పెట్టుకున్నాయి. బసిలిదెస్ రోమాకు వెళ్లి, జరిగినది తెలియని బిషప్పు స్తెఫనును ఒప్పించి తన స్థానం తిరిగి పొందాలని చూశాడు. అప్పుడు సిప్రియన్‌తో కలిపి 37 మంది ఆఫ్రికా బిషప్పులు ఆ సంఘాలకు జవాబు రాశారు. యోగ్యులైన నాయకులను ఎన్నుకునే శక్తి, అయోగ్యులను నిరాకరించే శక్తి ప్రధానంగా ప్రజలకే ఉందని అందులో అన్నారు. దాదాపు అన్ని ప్రాంతాల్లో పాటించే పద్ధతినీ వివరించారు: పొరుగు బిషప్పులు ఆ సంఘానికి వచ్చి, ఒక్కొక్కరి జీవితం పూర్తిగా ఎరిగిన ప్రజల సమక్షంలో బిషప్పును ఎంచుతారు. సబీనస్ ఎన్నిక ఆ ప్రకారమే, సహోదరులందరి ఓటుతోను, బిషప్పుల తీర్పుతోను జరిగింది కాబట్టి, బసిలిదెస్ రోమాలో ఎవరిని ఒప్పించుకున్నా ఆ నియామకం రద్దు కాదని వారు తేల్చి చెప్పారు.